అత్తయ్యకి తెలియకుండా బాత్‌రూమ్‌లో ఇన్‌హేలర్ ఇస్తున్నా, ఇంకెన్నాళ్ళు ఇలా?

గుంటూరు నుంచి ఒకమ్మాయి రాసింది, పేరు వెయ్యొద్దంది. ఉత్తరం బాగా పొడుగు, మధ్యలో ఆగి ఆగి రాసినట్టుంది, అందుకని నేనే కుదించి ఇక్కడ పెడుతున్నా.

వయసు 34. భర్త మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. తను బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్లో చేస్తుంది, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఒక్కడే బాబు, తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఐదో ఏటి నుంచీ జలుబు చేస్తే చాలు వారాల తరబడి దగ్గు, తెల్లవారుజామున లేచి కూర్చుని దగ్గడం, ఛాతీలో పిల్లికూతలు. మొన్న ఆగస్టులో పిల్లల డాక్టరు చూసి ఆస్తమా అని చెప్పి రెండు ఇన్‌హేలర్లు, స్పేసరూ (ఇన్‌హేలర్‌కి తగిలించి మందు పీల్చే గొట్టం) రాశారు, ఒకటి రోజూ వాడాల్సింది, ఇంకోటి ఆయాసం వచ్చినప్పుడు. రక్తపరీక్షలో ఏఈసీ (ఈసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల లెక్క) 1,100, మొత్తం ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ) 680. ఇరవై రోజులు వాడేసరికి దగ్గు మాయం, "తగ్గిందిగా, ఇంకెందుకు" అని అందరూ అంటే మానేసింది. భోగి రోజు పొద్దున మంట దగ్గర చాలాసేపు నించున్నాడు, రాత్రికి డొక్కలెగరేస్తుంటే ఆటోలో హాస్పిటల్‌కి పరిగెత్తారు, నెబ్యులైజర్ పెట్టి రెండు రోజులు ఉంచుకున్నారు.

అప్పట్నుంచి రోజూ వాడే ఇన్‌హేలర్ మళ్ళీ మొదలెట్టింది కానీ దొంగతనంగా. అత్తగారు "ఆ పంపు అలవాటైతే జీవితాంతం వదలదు, రేపు ఎస్సై సెలక్షన్లకి పనికిరాకుండా పోయిద్ది" అంటారట, అందుకని పొద్దునా రాత్రీ పిల్లాణ్ణి బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో పఫ్ కొట్టిస్తోంది. డబ్బా బీరువాలో పట్టుచీరల కింద. అత్తగారి లెక్కలో వాడికి ఇమ్యూనిటీ తక్కువ, అందుకని చ్యవనప్రాశ్, పసుపు పాలు, నాటు కోడిగుడ్డు, జూన్‌లో మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్ళి చేప మందు. మధ్యలో దగ్గు వస్తే మందుల షాపులో మాంటెలుకాస్ట్ అనే ఆస్తమా, అలర్జీ మాత్ర.

భర్త ఏమీ మాట్లాడడు. తన బట్టలకి పట్టుకొచ్చే మిర్చి ఘాటు వల్లే కొడుక్కి ఇలా అయిందని లోపల్లోపల కుమిలిపోతున్నాడు, ఎందుకంటే ఆయన చొక్కా విప్పి దులిపితే పిల్లాడు దగ్గుతాడు. వేసవి సెలవుల్లో విజయవాడ సత్యనారాయణపురంలో అమ్మమ్మ దగ్గర నలభై రోజులున్నాడు, ఒక్కసారి కూడా దగ్గలేదు. కాబట్టి కొడుకుని తీసుకుని విజయవాడ వెళ్ళిపోవాలని ఈమె ఆలోచన. ఆ మాట ఎత్తిన రోజు భర్త అన్నం తినలేదు, అత్తగారు "మా ఇంటి గాలి మీ వాడికి పడదా" అన్నారు. వెళ్ళాలా వద్దా, నిజంగా ఇమ్యూనిటీ తక్కువేనా, ఇవీ ప్రశ్నలు.

చివర్లో ఇంకో వాక్యం ఉంది, "బాబు రెండో ఏటి నుంచీ నాయనమ్మ దగ్గరే పడుకుంటాడు, మా మామయ్యగారి పాత పరుపు మీద, అది తప్ప వాడికి నిద్ర పట్టదు, అమ్మమ్మ వాళ్ళింట్లో మాత్రం డాబా మీద చాప" అని. నువ్వేదో వాడికి నాయనమ్మంటే ఎంత ప్రేమో చెప్పడానికి రాశావు, కానీ నాకు ఉత్తరం మొత్తంలో ఆ వాక్యం దగ్గరే కళ్ళు ఆగిపోయాయి.

అమ్మా, "మా అమ్మ వయసు మీది" అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. నేను డాక్టర్ని కాదు, ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయిన దాన్ని, పైగా చిన్నప్పట్నుంచీ ఉబ్బసం ఉన్న మనిషిని. మందు, డోసు నేను చెప్పను, అది మీ డాక్టర్ పని. మిగతా చిక్కుముడి కూర్చుని విప్పుదాం.

అన్నిటికంటే ముందు ఒకటి. డొక్కలు లోపలికి లాగుతున్నా, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మధ్యలో ఆగుతున్నా, పెదాలు నీలంగా అనిపించినా, ఆయాసానికి ఇచ్చిన ఇన్‌హేలర్ కొట్టినా తేరుకోకపోయినా ఇంక ఆలోచన పెట్టుకోవద్దు, హాస్పిటలే. ఒక్కోసారి బాగా ఆయాసపడుతున్న పిల్లాడికి పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోతాయి, తగ్గింది అనుకుంటారు, కాదు, గాలి ఆడకే చప్పుడు ఆగుతుంది, అది ఇంకా ప్రమాదం. ఇది నీకే కాదు మీ అత్తగారికీ తెలియాలి, ఎందుకో తర్వాత చెప్తా.

ఇప్పుడు ఇమ్యూనిటీ మాట. కరోనా తర్వాత ఇది మన ఇళ్ళల్లో ఉప్పు లాగా అయిపోయింది, ఏం వచ్చినా తక్కువైందనే. మీ వాడి విషయంలో లెక్క పూర్తిగా తిరగబడింది. వాడి రక్షణ వ్యవస్థ బలహీనంగా లేదు, అనవసరమైన దాని మీద పడుతోంది, పడ్డాక ఆగట్లేదు. పుస్తకాల్లో దీన్ని సైన్యం, శత్రువు అని చెప్తారు, నాకు ఆ పోలిక ఎప్పుడూ నచ్చలేదు, క్లాసులో చెప్తే పిల్లలకి యుద్ధం ఒక్కటే గుర్తుండేది. కుళాయి దగ్గర గొడవ అనుకో. బిందె తగిలిందని ఒకళ్ళు అరుస్తారు, ఇంకో నలుగురు పోగవుతారు, కాసేపటికి ఎవరు ఎందుకు కొట్టుకుంటున్నారో ఎవరికీ తెలీదు. ఊళ్ళో ఒక పెద్దమనిషి వచ్చి "ఇక చాల్లే, పదండి" అంటే చల్లారుతుంది. ఆ పెద్దమనుషుల్లాంటి కణాలు మన ఒంట్లో ఉన్నాయి. మీ వాడి ఊపిరి గొట్టాల్లో వాళ్ళ మాట చెల్లట్లేదు.

కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది అర్థమైతే ఆ ఇరవై రోజులకే ఎందుకు మానకూడదో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఊపిరి గొట్టాల లోపల ఒక పొర ఉంటుంది, కణాలు పక్కపక్కన అతుక్కుని. ఇంటి దుమ్ములో కంటికి ఆనని నల్లులాంటి పురుగులుంటాయి, డస్ట్ మైట్ అంటారు, మిల్లీమీటరులో మూడో వంతు ఉంటాయేమో, మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపుల్లో, దిండ్లలో బతుకుతాయి. కుట్టవు, కరవవు. గొడవంతా వాటి మలంతో. అందులో ఒక ఎంజైమ్ ఉంటుంది, అది ఆ పొరలో కణానికీ కణానికీ మధ్య అతుకుల్ని కోసేస్తుంది. పొర దెబ్బ తినగానే అరుస్తుంది, అంటే కొన్ని రసాయనాలు వదులుతుంది, టీఎస్ఎల్పీ, ఐఎల్-33 అని. ఆ అరుపు విని డెండ్రిటిక్ కణాలు, అంటే కాపలా తిరిగే కణాలు, ఆ దుమ్ము ముక్కని ఎత్తుకుపోయి దగ్గర్లోని లింఫ్ గ్రంథిలో టి కణాలకి (ఏం చెయ్యాలో తేల్చే తెల్ల రక్తకణాలు) చూపిస్తాయి. పొర అరవకుండా ప్రశాంతంగా ఉండుంటే అదే ముక్కని చూసి "మామూలు దుమ్మేలే" అని వదిలేసే అవకాశం ఎక్కువ. అరుపుతో పాటు వచ్చింది కాబట్టి టి కణాలు టిహెచ్2 అనే రకంగా మారతాయి.

ఈ టిహెచ్2 కణాలు చీటీలు, అంటే కణానికి కణం పంపుకునే సందేశ రసాయనాలు, పంపుతాయి. మీ ఆయన కొట్లో కాటా చీటీ చూసి హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుతారు చూడు, అలాగే ఇక్కడ ఐఎల్-4 అనే చీటీ అందుకున్న బి కణాలు ఐజీఈ తయారు చేస్తాయి, నీ రిపోర్టులో 680 అని ఉన్నది అదే. ఐఎల్-5 చీటీ ఎముక మజ్జ దాకా పోయి ఈసినోఫిల్స్‌ని పిలుచుకొస్తుంది, మనవాళ్ళు "ఇస్నోఫీలియా" అంటారే, ఆ 1,100 అదే, మామూలుగా 500 లోపు ఉండాలి. ఐఎల్-13 చీటీ వల్ల గొట్టాల్లో కఫం ఎక్కువవుతుంది, చుట్టూ ఉన్న కండరం చిన్నదానికే బిగుసుకునే స్వభావం తెచ్చుకుంటుంది.

ఆ ఐజీఈ రక్తంలో రెండు మూడు రోజులే ఉంటుంది కానీ అలర్జీ రసాయనాలు నింపుకుని ఉండే మాస్ట్ కణాల మీదెక్కి కూర్చుంటే వారాల తరబడి అక్కడే. మళ్ళీ అదే దుమ్ము వచ్చి తగిలితే నిమిషాల్లో హిస్టమిన్, ల్యూకోట్రయిన్స్ లాంటివి బయటికొస్తాయి, గొట్టం బిగుస్తుంది. ఇది మొదటి విడత. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఈసినోఫిల్స్ వగైరా వచ్చి చేరాక రెండో విడత వస్తుంది, లోపల వాపు. తొమ్మిదిన్నరకి పడుకున్న పిల్లాడు రెండింటికీ మూడింటికీ లేచి దగ్గుతున్నాడంటే గంటలు నువ్వే లెక్కపెట్టుకో. అలాగని అర్ధరాత్రి దగ్గంతా దీనివల్లే అని కాదు, తెల్లవారుజామున ఎవరికైనా గొట్టాలు కొంచెం సన్నబడతాయి.

ఇంకో రకం ఉన్నాయి, ఐఎల్‌సీ2 అని, 2010 ప్రాంతంలోనే వీటి సంగతి బయటపడింది, మేం చదువుకునేప్పుడు లేవు, రిటైరయ్యాక చదువుకున్నా. వీటికి ఏ దుమ్మో ఏ పుప్పొడో గుర్తుపట్టే పని లేదు. పొర అరిస్తే చాలు, అవే చీటీలు ఇవీ పంచేస్తాయి. జలుబు వైరస్సుకీ, పొగకీ మీ వాడు అంత తేలిగ్గా పడిపోవడానికి ఇదొక కారణం. భోగి మంట పొగకి ఐజీఈతో పని లేదు, నేరుగా పొరని రేపింది, అప్పటికే లోపల వాపు ఉన్న గొట్టాలు కాబట్టి రాత్రికి హాస్పిటల్ దాకా వెళ్ళింది. అదే వాపు లేని పక్కింటి పిల్లాడు అదే పొగలో నించుని రెండు సార్లు దగ్గి ఊరుకుని ఉంటాడు.

మరి పెద్దమనుషులు? రెగ్యులేటరీ టి కణాలు, ముద్దుగా టిరెగ్స్. జపాన్‌లో సకగుచి 1995లో వీటిని చూపించాడు, 2001లో అమెరికాలో బ్రంకో, రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 అనే జీన్ పట్టుకున్నారు, ఆ జీన్ ఉంటేనే ఈ కణాలు తయారయ్యేది అని తర్వాత తేలింది, ముగ్గురికీ కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు. ఇవి ఐఎల్-10, టీజీఎఫ్-బీటా లాంటి చల్లార్చే చీటీలు పంపుతాయి, ఎగిరే టి కణాలకి కావాల్సిన ఐఎల్-2 అనే మేతని తామే తాగేస్తాయి, డెండ్రిటిక్ కణాల దగ్గరికెళ్ళి రెచ్చగొట్టొద్దని నోరు నొక్కుతాయి. ఊపిరి తిత్తుల్లో గాలిగదుల దగ్గర కాపలా ఉండే మాక్రోఫేజ్‌లు కూడా చాలావరకు ఈ పక్షమే, దుమ్ముని చప్పుడు చెయ్యకుండా మింగేసి ఎవర్నీ లేపవు. ఫాక్స్‌పీ3 జీన్ పాడై పుట్టే పిల్లలు చాలా అరుదుగా ఉంటారు, వాళ్ళకి పసితనంలోనే ఒళ్ళంతా ఎగ్జిమా, చుక్కలనంటే ఐజీఈ, తిండి పడకపోవడం, సొంత అవయవాల మీదే దాడి. ఆపేవాళ్ళు లేకపోతే ఇమ్యూనిటీ "ఎక్కువై" ఏమవుతుందో దాన్నిబట్టే తెలుస్తుంది. మీ వాడిది ఆ జబ్బు కాదు, భయపడకు.

అంచేత అత్తగారి పసుపు పాలు, గుడ్డు మానిపించొద్దు, మంచి తిండే, వాటితో ఆవిడకి తృప్తి. కానీ "పెంచాలి" అనే మాట దగ్గరే తేడా, వాడికి కావాల్సింది చల్లార్చడం.

రోజూ వాడే ఇన్‌హేలర్ చేసేది అదే. అందులో ఉన్నది స్టెరాయిడ్, ఆ మాట వినగానే అందరికీ గుండె జారుతుంది, అయితే అది మైక్రోగ్రాముల్లో, వంద రెండొందలు, నేరుగా గొట్టాల్లోకి. అటాక్ వచ్చి హాస్పిటల్‌కి పోతే తాగించే స్టెరాయిడ్ మిల్లీగ్రాముల్లో, ఒళ్ళంతటికీ (మందుకీ మందుకీ బలంలో తేడా ఉంటుంది, అయినా నీకు అర్థమవుతుంది కదా). అంటే ఈ చిన్నది మానేసి పెద్దదాన్ని పిలుచుకుంటున్నాం. నష్టం అసలు లేదా అంటే ఉంది, దాచను. ఐదు నుంచి పదమూడేళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసిన ఒక పెద్ద అమెరికన్ స్టడీలో రోజూ వాడినవాళ్ళు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ పొడుగున్నారని 2012లో రాశారు. ఎస్సై సెలక్షన్లకి ఎత్తు కొలుస్తారుగా అని మీ ఆయన అనొచ్చు. ఎప్పుడూ ఆయాసపడే పిల్లాడు కూడా సరిగ్గా ఎదగడని, పరుగు పందెంలో ముందు ఊపిరి కావాలని చెప్పు. వాడాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మమను, నోట్లో పూత రాకుండా.

ఇరవై రోజులకి దగ్గు పోయిందంటే వాపు పోయిందని కాదు. చీటీలు ఆగాయంతే. ఆ దుమ్ముని గుర్తుపెట్టుకున్న టిహెచ్2 కణాలు కొన్ని ఊపిరి తిత్తుల్లోనే కాపురం పెట్టేస్తాయి, మందు ఆపితే మళ్ళీ మొదలెడతాయి. అలవాటు పడ్డాడు అంటారు, కాదమ్మా, జబ్బు అక్కడే ఉంది.

మాంటెలుకాస్ట్ సంగతి. షాపులో అడిగి ఇచ్చేది మానెయ్. ఆ మాత్ర మీద 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టించింది, కొందరు పిల్లల్లో పీడకలలు, చిరాకు, మనసు పాడవడం లాంటివి చూసి. డాక్టర్ ఆలోచించి రాస్తే వేరు, ఎవరో తెచ్చి వేస్తే వేరు.

ఇప్పుడు మిర్చి. దీని గురించి గుంటూరులో పుట్టిన ప్రతివాళ్ళకీ ఒక అభిప్రాయం ఉంటుంది, నాకూ ఉండేది. మిర్చి ఘాటుకి దగ్గడం అలర్జీ కాదు, కాప్సైసిన్ నరాల చివర్లలో ఉండే టీఆర్‌పీవీ1 అనే తలుపుని తడుతుంది, అదే తలుపు వేడికి కూడా తెరుచుకుంటుంది, మంట అనిపించేది అందుకే, ఇది కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్‌లో భాగం వచ్చింది. టి కణాలు, ఐజీఈ ఏవీ అక్కర్లేదు. తేజా రకం మిర్చి టిక్కీ విప్పితే నాకూ నీకూ కొత్తగా ఊరొచ్చిన చుట్టానికీ అందరికీ దగ్గొస్తుంది. కాకపోతే లోపల వాపున్న గొట్టాల్లో ఆ నరాలు మరీ సున్నితంగా ఉంటాయి, అందుకే మీ ఆయన చొక్కా దులిపితే నువ్వు దగ్గకుండా వాడు దగ్గుతాడు. అంటే మిర్చి వాడి దగ్గుని బయటికి తెస్తోంది, జబ్బుని పుట్టించింది మిర్చేనని ఆ దగ్గు చూసి చెప్పలేం. ఈ పేరా మాత్రం మీ ఆయనకి చదివి వినిపించు. ఆయన అన్నం తినకుండా లేచిపోయింది నీ మీద కోపంతో కాదేమో, తన సంపాదనే కొడుక్కి విషమైందన్న బాధతో ఏమో. కొట్లోనే బట్టలు మార్చుకుని, వేరే సంచిలో తెచ్చి, బాబు జోలికి రాకముందే స్నానం చేస్తే ఆయన వంతు చాలావరకు అయిపోతుంది.

విజయవాడలో దగ్గు లేకపోవడానికి మిర్చి ఒక్కటే కారణమా? ఆ నలభై రోజుల్లో ఎన్ని మారాయో చూడు. మిర్చి లేదు, నిజమే. స్కూలు లేదు, అంటే జలుబులు అంటించే నలభై మంది పిల్లలు లేరు. నడివేసవి, చలిగాలి లేదు, పొగమంచు లేదు. ఆ పరుపూ లేదు, డాబా మీద చాప. మామయ్యగారు ఎప్పుడు కుట్టించారో గానీ పాత దూది పరుపు, ఏళ్ళ తరబడి మనుషులు పడుకున్నది, మన కోస్తా తేమలో మైట్స్‌కి అంతకంటే మంచి ఊరు ఉండదు. నాకు అనుమానం దాని మీదే, అయినా అనుమానమే. తేల్చేది స్కిన్ ప్రిక్ టెస్ట్ గానీ, దుమ్ముకీ బూజుకీ పుప్పొడికీ వేరువేరుగా ఐజీఈ చూసే రక్తపరీక్ష గానీ. నీ దగ్గరున్న 680 మొత్తం లెక్క, ఎవరి మీద కోపమో అది చెప్పదు. కడుపులో నులిపురుగులున్నా ఈసినోఫిల్స్, ఐజీఈ రెండూ పెరుగుతాయి, స్కూల్లో ఫిబ్రవరి పదో తారీకున ఇచ్చే మాత్ర వాడు మింగాడో ఉమ్మేశాడో కూడా కనుక్కో. స్కిన్ టెస్ట్‌కి వారం ముందు నుంచీ జలుబు మాత్రలు ఆపాలి, రోజూ కొట్టే ఇన్‌హేలర్ ఆపక్కర్లేదు, అయినా అడిగి వెళ్ళు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో గానీ మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ ఊపిరితిత్తుల విభాగంలో చూపించుకుంటే ఊదించే పరీక్ష కూడా చేస్తారు, తొమ్మిదేళ్ళ వాడు బాగానే ఊదుతాడు.

దారులు ఏమున్నాయంటే, నువ్వనుకున్నట్టు విజయవాడ వెళ్ళిపోవడం ఒకటి. వెళ్తే కొన్నాళ్ళు తేలికపడొచ్చు. కానీ వాడి కణాలు వాడితోనే వస్తాయి, అమ్మమ్మ వానాకాలంలో డాబా మీంచి దించి పరుపెయ్యకా తప్పదు, ఆటోనగర్ దుమ్ముంది, ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ ప్లాంట్ ఉంది, బెజవాడ గాలి ఏమంత గంగాజలం కాదు. నాన్నకి దూరం, నీ ఉద్యోగం, అటు ఇంట్లో "మా గాలి పడదా" అన్న మాట ఎప్పటికీ మిగిలిపోతుంది. అక్కడ కూడా దగ్గొస్తే అప్పుడేం చేస్తావు? నేనైతే ఇది చివర్లో పెట్టుకుంటా, అయితే నీ కాపురం గురించి నువ్వు రాయనిది ఇంకేదన్నా ఉంటే అది వేరే సంగతి, దానికి దగ్గుని సాకుగా వాడుకోవద్దు.

ఇక్కడే ఉండి మూడు నెలలు పద్ధతిగా చూడటం ఇంకోటి. ఇన్‌హేలర్ రోజూ, స్పేసర్‌తో, డాక్టర్ ఆపమనేదాకా. పరుపు మార్పు. నాన్న బట్టలు. ఒక చిన్న నోట్‌బుక్కులో ఏ రాత్రి లేచాడు, ఆయాసం ఇన్‌హేలర్ ఎన్నిసార్లు కొట్టాల్సి వచ్చింది రాసుకుంటే డాక్టర్‌కి నీ ఏడుపు కంటే అది పనికొస్తుంది. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. పరుపు ఒక్కటి మార్చగానే జబ్బు పోతుందని ఆశ పెట్టుకోవద్దు, కొందరికి బాగా తేడా వస్తుంది, కొందరికి పెద్దగా రాదు.

టెస్టులో మైట్ గట్టిగా వస్తే ఇమ్యునోథెరపీ గురించి అడగొచ్చు. పడని దాన్నే చిటికెడు చిటికెడు అలవాటు చెయ్యడం, సూదులుగా గానీ నాలుక కింద చుక్కలుగా గానీ. 1911లో ఇంగ్లండులో నూన్ అనే ఆయన గడ్డి పుప్పొడితో మొదలెట్టాడు, ఎందుకు పనిచేస్తుందో తెలియడానికి ఇంకో ఎనభై తొంభై ఏళ్ళు పట్టింది. ఆ దుమ్ముని గుర్తుపట్టి చల్లార్చే టిరెగ్స్ పెరుగుతాయి, ఐజీఈకి అడ్డంపడే ఐజీజీ4 అనే ఇంకో యాంటీబాడీ తయారవుతుంది. అంటే పెద్దమనుషుల్ని మళ్ళీ కూర్చోబెట్టడం. అయితే కనీసం మూడేళ్ళు, డబ్బు, తిరుగుడు, సూది వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి ఎందుకంటే అరుదుగా ఒళ్ళంతా రియాక్షన్ వస్తుంది. ఆస్తమా అదుపులో లేనప్పుడు మొదలెట్టకూడదు. కాబట్టి ముందు ఆ మూడు నెలలు ఎలాగూ తప్పవు. ఐజీఈనో ఐఎల్-5నో పట్టుకునే ఖరీదైన ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, అవి మామూలు మందులకి లొంగనివాళ్ళకి, మీ వాడికి ఇప్పుడు ఆ మాటే వద్దు.

చేప మందు. పనిచేస్తుందని పద్ధతిగా చేసిన పరీక్షల్లో రుజువైంది ఏమీ లేదు. ఆవిడ వెళ్దామంటే పోట్లాడొద్దు, కానీ ఆ జనంలో ఆయాసం వస్తే చేతిలో ఇన్‌హేలర్ ఉండాలి, మందు మింగాం కదా అని ఇది ఆపకూడదు, ఈ రెండింటి దగ్గర మాత్రం గట్టిగా ఉండు. కొర్రమీను పిల్లని బతికుండగా మింగించడం తొమ్మిదేళ్ళ వాడికి ఎలా ఉంటుందో వాణ్ణి కూడా ఒక మాట అడగండి.

ఇంక ఆ బాత్‌రూమ్. నాకు అన్నిటికంటే భయమేసింది అదే. సాయంత్రం స్కూల్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి నువ్వొచ్చేదాకా వాడి దగ్గరుండేది మీ అత్తగారు. రాత్రి రెండింటికి వాడు లేచి కూర్చుంటే మొదట మేలుకునేది ఆవిడ. ఆయాసం ఇన్‌హేలర్ ఎక్కడుందో, ఎలా కొట్టాలో తెలియని ఒకే ఒక్క మనిషీ ఆవిడే. నీకు అత్తగారితో ఉన్న చిక్కు వల్ల పిల్లాడికి గండం. పైగా వాడికి తొమ్మిదేళ్ళు, కుళాయి తిప్పి మందు తీసుకోవడం అంటే తనకున్నది సిగ్గుపడాల్సిన జబ్బని వాడు నేర్చుకుంటున్నాడు, రేపు స్కూల్లో ఆయాసమొస్తే టీచర్‌కి చెప్పడు.

ఆవిడతో నువ్వు వాదించి గెలవలేవు, గెలవక్కర్లేదు కూడా. తర్వాతి సారి డాక్టర్ దగ్గరికి నీతో పాటు ఆవిణ్ణి తీసుకెళ్ళు, నువ్వు వెనక కూర్చో, రాత్రిళ్ళు ఎలా దగ్గుతాడో ఆవిణ్ణే చెప్పనియ్, నీకంటే ఆవిడకే బాగా తెలుసు. స్పేసర్‌తో ఎలా ఇవ్వాలో నర్స్ చేత ఆవిడకే నేర్పించు. మా అమ్మ నా ఉబ్బసానికి ఏళ్ళ తరబడి వాము కాల్చిన పొగ పట్టింది, పొగ పట్టినకొద్దీ నాకు ఎక్కువయ్యేది, ఎవరెంత చెప్పినా వినలేదు. ఒకరోజు డాక్టర్ ఇన్‌హేలర్ ఆవిడ చేతికే ఇచ్చి "మీరే కొట్టండమ్మా" అన్నారు, నేను తేరుకోవడం ఆవిడ కళ్ళారా చూసింది, ఆ తర్వాత ఊరెళ్ళాలంటే నా బట్టల కంటే ముందు అది సర్దేది.

పరుపు మాట జాగ్రత్తగా ఎత్తు. అది మీ మామగారిది. "పారేద్దాం" అనే మాట నీ నోట రాకూడదు, "మీ దగ్గర పడుకోవద్దు" అన్న మాట అసలే రాకూడదు. పరుపు ఆవిడ గదిలోనే వేరే మంచం మీద ఉంచొచ్చు, మంచి ఎండలో డాబా మీద రెండు రోజులు వేసి దులిపి (వాడు ఆ దరిదాపుల్లో లేనప్పుడు) మైట్ దూరని జిప్పు కవరు తొడగొచ్చు, ఎండకి పురుగు చస్తుంది కానీ దాని మలం లోపలే ఉంటుంది, అందుకని కవరు. లేదంటే నాయనమ్మా మనవడూ ఇద్దరూ నవారు మంచం మీదకి మారొచ్చు, దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళల్లో నానబెట్టి ఉతకొచ్చు. ఏది కుదురుతుందో ఆవిడనే అడుగు, "వీడికి దూదిలో దుమ్ము పడట్లేదేమోనంట అత్తయ్యా, ఏం చేద్దాం" అని. ఆవిడ దగ్గర నాకంటే మంచి ఉపాయం ఉండొచ్చు.

ఇవాళ మాత్రం ఒక పని చెయ్. ఆ రెండు డబ్బాలూ పట్టుచీరల కింద నుంచి తీసి, ఆయాసానికి వాడేదాని మీద ఎర్ర రిబ్బను ముక్క కట్టి, హాల్లో అందరికీ అందే చోట టీవీ పక్కన పెట్టు. ఆవిడ అడుగుతుంది. అడిగినప్పుడు చెప్పు, ఇన్నాళ్ళూ దాచినందుకు ముందు క్షమించమని అడిగి. టెస్టులో ఏం వచ్చిందో నాకు రాయి.